చిన్న కారు ప్రమాదం, ఆ తర్వాతి రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పల్ వెళ్లే దారిలో ఎర్ర లైటు పడితే ఆగాను. వెనక నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. పెద్ద వేగమేమీ లేదు. డిక్కీలోని కూరగాయల సంచి ఒరిగి, టమాటాలు దొర్లిన చప్పుడు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. దిగి చూస్తే బంపర్ ఒక మూల లోపలికి పోయింది. ఆటో నడిపిన కుర్రాడు చేతులు జోడించి, "సార్, రెండు వేలు ఉన్నాయి, తీసుకోండి, ఓనరుకు తెలిస్తే పని పోతుంది" అన్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. "నాకేమీ కాలేదులే, వెళ్లు తమ్ముడూ" అని డబ్బు జేబులో పెట్టుకుని బయలుదేరాను. మొత్తం నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ ఉమ్మడానికి తల వంచబోతే మెడ వంగలేదు. ఆ సాయంత్రం షెడ్డులో చెప్పిన అంచనా 18,400 రూపాయలు.

అప్పటి నుంచి చుట్టాలూ స్నేహితులూ ఎవరి బండికి ఏది తగిలినా నాకే ఫోను చేస్తున్నారు. వాళ్లు ఎక్కువగా అడిగేవి ఇవి.

గుద్దిన వెంటనే మొదట ఏమి చేయాలి?

బంపర్ చూడకండి, మనుషుల్ని చూడండి. మీ బండిలో ఉన్నవాళ్లు, అవతలి బండిలో వాళ్లు, మధ్యలో ఎవరైనా ద్విచక్ర వాహనం మీద ఉన్నారేమో. ఇంజిన్ ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి ఫోను చేయండి, పోలీసులు కావాలంటే 112. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది, బండిని లాక్కెళ్లే వాహనాన్ని కూడా వాళ్లే పంపుతారు. మెడ నొప్పి అంటున్న మనిషిని, బండికి మంటలు లేకపోతే, చేయి పట్టి బయటికి లాగకండి. కూర్చున్నచోటే కదలకుండా ఉండనివ్వండి.

బండిని పక్కకు తీయవచ్చా, పోలీసులు వచ్చేదాకా అలాగే ఉంచాలా?

ఎవరికీ గాయాలు లేకపోతే ముందు ఫోటోలు తీసి, తర్వాత పక్కకు తీయండి. రోడ్డు మధ్య నిలబడి ఎవరిది తప్పో వాదించుకుంటూ ఉంటే, వెనక వచ్చే మూడో బండి మీ ఇద్దరినీ గుద్దవచ్చు. గాయాలు గట్టిగా తగిలిన సందర్భంలో మాత్రం బండ్ల స్థానం ముఖ్యం, పోలీసులకు చెప్పకుండా కదపకండి.

ఫోటోలంటే డెంటు దగ్గరి ఫోటో ఒక్కటే కాదు. అందరూ దాన్నే పది తీస్తారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి రెండు బండ్లూ, నంబరు ప్లేట్లూ, సిగ్నల్ స్తంభమో దుకాణం బోర్డో కనిపించేలా తీయండి. అవతలి వారి లైసెన్సు, ఆర్సీ, బీమా పత్రాలనూ ఫోటో తీసుకోండి. పత్రాలు లేవన్నా ఫరవాలేదు, ఎమ్‌పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే బీమా గడువు కనిపిస్తుంది. అక్కడ నిలబడి చూసినవారు ఒప్పుకుంటే ఒక ఫోను నంబరు తీసుకోండి. పక్క దుకాణానికి కెమెరా ఉందేమో తల ఎత్తి చూడండి. చాలా చోట్ల ఆ రికార్డు కొద్ది రోజులకే చెరిగిపోతుంది, అడిగేది ఆ రోజే అడగాలి.

జనం మూగి అరుస్తుంటే ఏమి చేయాలి?

తప్పు నాది అనీ అనకండి, నీది అనీ అనకండి. మన రోడ్ల మీద పెద్ద బండిదే తప్పు అని గుంపు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. దాన్ని అక్కడ మార్చలేరు. గొడవ ముదిరేలా ఉంటే అద్దాలు ఎత్తుకుని, తలుపులు బిగించుకుని 112కి ఫోను చేయండి. ప్రాణభయం ఉంటే నేరుగా దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లి అక్కడ చెప్పండి. ప్రమాదం జరిగిన చోటి నుంచి నేరుగా ఇంటికి వెళ్లిపోతే మాత్రం పారిపోయినట్టే లెక్క.

"రెండు వేలు తీసుకుని వదిలేయండి" అంటున్నారు. రాజీ పడవచ్చా?

నిజంగా గీత మాత్రమే పడితే, ఎవరికీ ఏమీ కాకపోతే పడవచ్చు. చాలామంది పడతారు, అందులో నేరమేమీ లేదు. కానీ ఈ కాలపు బంపర్లు ప్లాస్టిక్‌వి. లోపలికి వంగి మళ్లీ పైకి లేస్తాయి, పైకి బాగానే కనిపిస్తాయి, లోపలి క్లిప్పులూ పట్టీలూ విరిగి ఉంటాయి. నా విషయంలో జరిగింది అదే. పార్కింగ్ సెన్సర్లు ఉన్న బండి అయితే లెక్క ఇంకా పెరుగుతుంది.

అందుకే నేను ఇప్పుడు చెప్పేది ఒకటే: నంబర్లు మార్చుకోండి, ఫోటోలు తీసుకోండి, "రేపు షెడ్డులో చూపించి చెబుతాను" అనండి. ఒకవేళ డబ్బు తీసుకుంటే అది బండి మరమ్మతుకు మాత్రమే అని ఒక సందేశం పంపండి. శరీరం సంగతి రోడ్డు మీద ఎవరూ తేల్చలేరు.

ఆ కుర్రాడి మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. నా తొందర మీదే ఉంది.

పోలీసులకు చెప్పడం తప్పనిసరా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 134వ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో మరో మనిషికి గాయమైనా, ఇతరుల ఆస్తికి నష్టం కలిగినా డ్రైవరు వైద్యసాయం అందేలా చూడాలి, అక్కడ పోలీసులు లేకపోతే దగ్గరి స్టేషనులో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోగా చెప్పాలి, బీమా సంస్థకూ తెలియజేయాలి. మీ బండిని మీరే మీ ఇంటి గోడకు రాసుకుంటే ఇంత తతంగం అక్కర్లేదు.

స్టేషను అనగానే కేసు, కోర్టు అని భయపడతారు. చిన్న వాటిలో చాలాసార్లు జనరల్ డైరీలో, అంటే స్టేషనులోని రోజువారీ పుస్తకంలో, రాసుకుని పంపిస్తారు. ఆ నమోదు నంబరు అడిగి తీసుకోండి. ఎవరికైనా గాయం తగిలినా, అవతలి బండి ఆగకుండా పోయినా ఎఫ్ఐఆర్ అడగాలి.

నాకు ఏమీ కాలేదనిపిస్తోంది. ఆసుపత్రికి ఎందుకు?

ప్రమాదం జరిగిన గంటలో మనకు ఏదీ తెలియదు. గుండె దడదడలాడుతుంటుంది, ఒళ్లంతా ఒక రకమైన వేడిలో ఉంటుంది, నొప్పి పైకి రాదు. ఆ హడావిడి దిగాక, సాయంత్రమో మర్నాడో, అసలు సంగతి బయటపడుతుంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం మర్నాటిదాకా ఆగకూడదు. తలకు దెబ్బ తగిలి కాసేపైనా స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, తలనొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, అడిగిందే అడుగుతూ తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే వెళ్లాలి. చేతుల్లో కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మెడ మధ్య ఎముక మీద నొక్కితే నొప్పి, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, సీటు బెల్టు కమిలిన చోట కడుపు నొప్పి కూడా అలాంటివే. గర్భిణులు, నొప్పి ఏమీ లేకపోయినా, అదే రోజు వైద్యులకు చూపించుకోవాలి. 65 దాటినవారినీ, రక్తం పలచబడే మందులు వాడేవారినీ "చిన్న దెబ్బే" అని ఇంట్లో ఉంచకండి.

పోలీసు కేసని ఆసుపత్రి వెనక్కి పంపడానికి వీల్లేదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. వైద్యులు మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా, రాసుకుంటామంటే వద్దని బతిమాలకండి. రేపు పరిహారం అడగాల్సి వస్తే మీ చేతిలో ఉండే గట్టి కాగితం అదే.

మర్నాడు మెడ ఎందుకు పట్టేసింది?

వెనక నుంచి గుద్దినప్పుడు సీటు మీ వీపును ముందుకు నెడుతుంది. తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ క్షణంలో మెడ కొరడా విదిలించినట్టు ఊగుతుంది. వైద్యులు విప్‌లాష్ అనేది దీన్నే. కండరాలూ వాటిని పట్టి ఉంచే కణజాలమూ సాగి, వాచి, గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే నొప్పి ఆలస్యంగా, ఒక్కోసారి రెండో రోజున వస్తుంది. తల వెనక నొప్పి, భుజాల బరువు, తల తిరగడం కూడా తోడవుతాయి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, ఎందుకంటే ఎక్స్‌రేలో కనిపించేది ఎముకే. "రిపోర్టు బాగుంది కదా, ఇంకా నొప్పి అంటావేమిటి" అనే చుట్టాలకు ఈ సంగతి చెప్పండి.

ఇక్కడే ఒక చిన్న పని: సీటుకు పైనున్న తల ఆనే దిండును మీ చెవుల పై అంచు కన్నా ఎత్తుగా, తలకు వీలైనంత దగ్గరగా జరుపుకోండి. నాది కొన్ననాటి నుంచి అడుగునే ఉంది. చూడటానికి అడ్డమని దాన్ని పీకి డిక్కీలో పడేసినవాళ్లూ నాకు తెలుసు.

కాపడం పెట్టాలా, మెడపట్టీ వేసుకోవాలా, మర్దన చేయించుకోవాలా?

మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు 15 నిమిషాల చొప్పున పెడితే హాయిగా ఉంటుంది. తర్వాత వేడి నీళ్ల కాపడం. మన ఇళ్లలో మెడ నొప్పి అనగానే అమృతాంజనం సీసా బయటికి వస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో మొదలుపెట్టిన అలవాటు అది, అంత తేలిగ్గా పోదు. రాసుకోండి, హాయి అనిపిస్తే మంచిదే. కానీ రాసుకున్న చోటనే వేడి కాపడం పెట్టకండి, చర్మం కాలుతుంది.

మెడపట్టీ వైద్యులు చెబితే తప్ప వద్దు. మెడను కట్టేసి ఉంచితే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. నెమ్మదిగా కుడికీ ఎడమకూ, నొప్పి పొలిమేర దాకా వెళ్లి ఆగుతూ తిప్పడమే మందు. పడుకునేటప్పుడు దిండు ఒక్కటి చాలు.

అన్నిటికన్నా ముఖ్యంగా, క్షౌరశాలలో తల మర్దన చివర గడ్డం పట్టుకుని మెడను టకటకా విరిచే ఆ పని చేయించుకోకండి. మామూలు రోజుల్లోనే అది ప్రమాదం, మెడలోని రక్తనాళాలు చిట్లే అవకాశం ఉంది. ఇక దెబ్బ తిన్న మెడ సంగతి చెప్పాలా? మా పెదనాన్న "రెండు నిమిషాల పని, నేను తీసుకెళతాను" అని మూడు రోజులు వెంటపడ్డారు.

నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు. కండరాలు వదులయ్యే మాత్రలు ఇస్తే మత్తుగా ఉంటుంది, అవి వేసుకుని కారు నడపకండి.

ఎన్ని రోజులకు తగ్గుతుంది?

ఎక్కువ మందికి కొన్ని వారాల్లో. కొందరికి రెండు మూడు నెలలు. నాకు బండి వెనక్కి తీసేటప్పుడు తల పూర్తిగా తిరగడానికి ఐదు వారాలు పట్టింది. అప్పటిదాకా అద్దాల్లో సరిగా చూడలేని మనిషి నడపకపోవడమే మంచిది. మెట్రో ఉంది, బస్సు ఉంది. ఆఫీసు కుర్చీలో గంటల తరబడి కూర్చుంటే సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది, అరగంటకోసారి లేవండి. రెండు వారాలైనా తగ్గుముఖం పట్టకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది. లోపల పొగ వచ్చింది, బండి కాలుతోందా?

చాలాసార్లు అది పొగ కాదు, సంచి మడతల్లోని పొడి, వాయువు. దగ్గు వస్తుంది, కళ్లు మండుతాయి. బయటికి వచ్చి నీళ్లతో కడుక్కోండి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం రావచ్చు. తెరుచుకున్న సంచి మళ్లీ పనికిరాదు, దాంతోపాటు బిగుసుకున్న సీటు బెల్టులనూ మార్చాలి. "మడిచి లోపల పెట్టేస్తాను" అనే షెడ్డుకు దండం పెట్టి వచ్చేయండి. పిల్లల సీటు ఉన్న బండి గట్టిగా గుద్దుకుంటే ఆ సీటునూ మార్చాలి, పైకి పగులు కనిపించకపోయినా సరే.

బీమా క్లెయిమ్ చేయాలా, సొంత డబ్బుతో బాగు చేయించుకోవాలా?

అందరూ తప్పు లెక్క వేసేది ఇక్కడే. నా బిల్లే చూపిస్తాను. ఆరేళ్ల బండి. ప్లాస్టిక్ భాగాలు 10,000, రంగు 4,000, కూలి 4,400, మొత్తం 18,400.

మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. అంటే 5,000 పోయాయి. రంగు ఖర్చులో పావు వంతును సామగ్రిగా లెక్కించి, అందులో సగం కోస్తారు. ఇంకో 500. ఇవి కాక 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములో తప్పనిసరిగా మనం భరించాల్సింది 1,000 రూపాయలు (అంతకన్నా పెద్ద ఇంజిన్ అయితే 2,000). చివరికి వాళ్లిచ్చేది 11,900.

ఇప్పుడు రెండో వైపు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే సొంత నష్టం ప్రీమియంలో (మన బండి నష్టం కోసం కట్టే భాగంలో) 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే అది సున్నా. మళ్లీ ఏడాదికో మెట్టుగా 20, 25, 35, 45, 50 అని ఎక్కాలి. అంటే మొదటి ఏడాది 50 శాతం, తర్వాత వరుసగా 30, 25, 15, 5 శాతం చొప్పున కోల్పోతాం. కలిపితే 125 శాతం. తగ్గింపు లేకుండా నా సొంత నష్టం ప్రీమియం 8,000. అది ఏటా అంతే ఉంటుందనుకుంటే పోయేది 10,000. వచ్చేది 11,900. మిగిలే 1,900 కోసం నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు చుట్టూ తిరగాలా? నేను సొంత డబ్బే పెట్టుకున్నాను, ఆ కుర్రాడి రెండు వేలు పోగా.

మీ తగ్గింపు 20 శాతమే అయితే, లేదా భాగాల ధరలో ఇలా కోత పెట్టని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే లెక్క తిరగబడవచ్చు. తగ్గింపును కాపాడే అదనపు కవర్ కొందరు తీసుకుని మరిచిపోతారు, పాలసీ కాగితం చివరి పేజీ చూడండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండికి ఒక్క రూపాయి రాదు. చట్టం తప్పనిసరి చేసిన ఆ బీమా అవతలివారి నష్టానికి మాత్రమే.

క్లెయిమ్ చేసేట్టయితే ముందు బీమా సంస్థకు చెప్పి, వాళ్లు చూశాకే బండి విప్పించండి. బాగు చేయించి బిల్లు పంపితే చిక్కు.

అవతలి బండి బీమా నుంచి రాబట్టవచ్చా?

రాబట్టవచ్చు. వాళ్ల థర్డ్ పార్టీ బీమా మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేయాలి. 2022 ఏప్రిల్ నుంచి దీనికి ఆరు నెలల గడువు పెట్టారు. బంపర్ కోసం ఇంత దూరం వెళ్లడం దండగ. గాయాల వల్ల ఆసుపత్రి ఖర్చులు, పని నష్టం ఉంటే మాత్రం న్యాయవాదిని కలవండి, ప్రతి రసీదూ దాచండి.

మీ క్లెయిమును మీ బీమా సంస్థే తిరస్కరిస్తే ముందు వాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

మళ్లీ స్టీరింగ్ పట్టుకోవాలంటే చేతులు వణుకుతున్నాయి. పిరికితనమా?

కాదు. దెబ్బ లేకపోయినా మనసు దెబ్బ తింటుంది. నేను రెండు వారాలు ప్రతి సిగ్నల్ దగ్గరా వెనక అద్దంలోకే చూస్తూ కూర్చున్నాను. ట్రాలీ ఆటో కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకును తొక్కేసేది. నిద్రలో ఉలికిపాటు, జరిగింది కళ్ల ముందు తిరగడం, చిన్న చప్పుడుకే అదిరిపడటం మొదటి వారాల్లో మామూలే. చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి.

పూర్తిగా మానేస్తే భయం పాతుకుపోతుంది. మొదట ఆగిన కారులో కూర్చోండి. తర్వాత ఆదివారం పొద్దున కాలనీలో ఒక చుట్టు, పక్కన మీరు నమ్మేవారిని కూర్చోబెట్టుకుని. ఆ పక్కన కూర్చునేవారు "నీకేమైంది, అందరూ నడపడం లేదా" అనే రకం కాకుండా చూసుకోండి. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఆ దారినే తప్పించుకు తిరుగుతుంటే వైద్యుల సాయం తీసుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇంట్లో దిష్టి తీయించమంటున్నారు. ఏమంటారు?

తీయించండి. మా అమ్మ నన్నూ కారునూ పక్కపక్కన నిలబెట్టి, ఎండుమిరపకాయలతో నాకు, నిమ్మకాయలతో బండికి తీసింది. టైరు కింద పెట్టిన నిమ్మకాయ తొక్కించాలంటే బండి ఒక అడుగు ముందుకు నడపాలి కదా. ప్రమాదం తర్వాత నేను మొదటిసారి కారు కదిపింది ఆ ఒక్క అడుగే.